ఒకే సెల్‌లో తేలేవీ మునిగేవీ: అల్ట్రాసెంట్రిఫ్యూజ్ డేటాను విశ్లేషించడం ఎలా

లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో మనం చూసే ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, వీఎల్‌డీఎల్ అనే పేర్లు అల్ట్రాసెంట్రిఫ్యూజ్ (నమూనాను అతివేగంగా తిప్పి అందులోని కణాలను వేరుచేసే యంత్రం) నుంచి వచ్చినవే. రక్తంలోని కొవ్వు కణాలు ఏ సాంద్రత ఉన్న ద్రవంలో పైకి తేలతాయో చూసి వాటికి ఆ పేర్లు పెట్టారు. అంతకుముందు వీటి వల్ల పెద్ద గందరగోళమే నడిచింది. సీరమ్‌ను ఉన్నదున్నట్టుగా తిప్పితే, అందులో ఎక్కువగా ఉండే ప్రోటీన్ ఆల్బుమిన్ శిఖరం పక్కన ఓ అర్థంకాని గూను కనిపించేది. దానికి ‘ఎక్స్ ప్రోటీన్’ అని పేరు పెట్టారు. నమూనాను పలుచన చేస్తే చాలు, దాని పరిమాణం మారిపోయేది. 1949లో బర్క్‌లీలో జాన్ గాఫ్‌మన్, ఫ్రాంక్ లిండ్‌గ్రెన్, హెరాల్డ్ ఎలియట్ ఆ చిక్కు విప్పారు. ఆ గూను వేరే ప్రోటీన్ కాదు, తక్కువ సాంద్రత ఉన్న లిపోప్రోటీన్ (కొవ్వు, ప్రోటీన్ కలిసిన కణం) ఆల్బుమిన్ బౌండరీ దగ్గర, అంటే కదులుతున్న ఆల్బుమిన్ అంచు దగ్గర పోగుపడటం వల్ల వచ్చినది. ద్రవానికి ఉప్పు కలిపి సాంద్రత పెంచితే లిపోప్రోటీన్లు పైకి తేలాయి, మిగతా ప్రోటీన్లు కిందికి దిగాయి.

ఇప్పుడు మన చేతిలో కంప్యూటర్లున్నాయి, మంచి సాఫ్ట్‌వేర్లున్నాయి. అయినా తేలేవీ మునిగేవీ కలిసిన నమూనా వస్తే అదే గందరగోళం కొత్త రూపంలో ఎదురవుతుంది. సాఫ్ట్‌వేర్ ఏదో ఒక ఫిట్ (డేటాకు సరిపోయే మోడల్) ఇస్తుంది, చూడటానికి అది బాగానే ఉంటుంది, కానీ అందులోని అణుభారాలు తప్పు. సెడిమెంటేషన్ వెలాసిటీ ప్రయోగం (తిప్పుతూ కణాలు జరిగే వేగాన్ని కొలవడం) ఒకటి రెండుసార్లు చేసి, అల్ట్రాస్కాన్ లేదా సెడ్‌ఫిట్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్ తెరిచిన అనుభవం ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా ఒకటే: శుద్ధి చేసిన మానవ ఎల్‌డీఎల్, సీరమ్ ఆల్బుమిన్ కలిపిన మిశ్రమం. మీ దగ్గర నూనె బిందువులున్నా, లైపోజోములున్నా, డిటర్జెంట్ పట్టుకున్న మెంబ్రేన్ ప్రోటీన్లున్నా దారి ఇదే.

మొదటి మెట్టు: మెషీన్ ఎక్కే ముందు కాగితం మీద లెక్క

అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. అందులో ఎస్ అంటే కణం ఎంత వేగంగా జరుగుతుందో చెప్పే సెడిమెంటేషన్ గుణకం. ఎస్ విలువ = అణుభారం × (1 − వి-బార్ × ద్రవ సాంద్రత) ÷ (అవగాడ్రో సంఖ్య × ఘర్షణ గుణకం). వి-బార్ అంటే పార్షియల్ స్పెసిఫిక్ వాల్యూమ్, అంటే ఒక గ్రాము పదార్థం ద్రావణంలో ఆక్రమించే మిల్లీలీటర్లు. బ్రాకెట్‌లోని లెక్క ధనం అయితే కణం మునుగుతుంది, రుణం అయితే తేలుతుంది, సున్నా అయితే ఎంత తిప్పినా కదలదు. ఎస్‌ను కొలిచే యూనిట్ స్వెడ్‌బర్గ్, అంటే సెకనులో పది లక్షల కోట్లవ వంతు. అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌ను తయారుచేసి 1926లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న థియోడర్ స్వెడ్‌బర్గ్ పేరు మీద పెట్టారు.

ఆల్బుమిన్ వి-బార్ సుమారు 0.735. ఎల్‌డీఎల్‌కు సుమారు 0.97, ఎందుకంటే దానిలో ఎక్కువ భాగం కొవ్వే. మామూలు ఫాస్ఫేట్ సెలైన్ బఫర్ సాంద్రత 1.005 దగ్గర ఉంటుంది. అందులో ఎల్‌డీఎల్‌కు బ్రాకెట్ విలువ 0.025. చిన్నదే, కానీ ధనం. అణుభారం 25 లక్షల డాల్టన్లు, వ్యాసం 22 నానోమీటర్లు అనుకుని లెక్క వేస్తే ఎస్ దాదాపు 4.9 వస్తుంది. నీటిలో ఆల్బుమిన్‌కు ఉండేది 4.3. అంటే ఒకదానికొకటి బరువులో దాదాపు 40 రెట్ల తేడా ఉన్న రెండు కణాలు మామూలు బఫర్‌లో పక్కపక్కనే దిగుతాయి. ‘ఎక్స్ ప్రోటీన్’ అంతమందిని అన్నేళ్లు ఎందుకు తిప్పలు పెట్టిందో ఈ రెండు అంకెలు చూస్తే అర్థమవుతుంది.

ఇప్పుడు ద్రవ సాంద్రతను 1.063కి పెంచండి. ఎల్‌డీఎల్ బ్రాకెట్ −0.031 అవుతుంది, ఆల్బుమిన్‌ది 0.219. ద్రవం కాస్త చిక్కబడుతుంది కాబట్టి స్నిగ్ధత 1.15 సెంటీపాయిజ్ అని తీసుకుంటే ఎల్‌డీఎల్ ఎస్ −5.4, ఆల్బుమిన్ ఎస్ +3.1 దగ్గరికి వస్తాయి. రెండూ ఎదురెదురు దిశల్లో బయల్దేరతాయన్నమాట.

అదే కాగితం మీద సమయం కూడా లెక్కేసుకోండి. తిరిగే అక్షం నుంచి మెనిస్కస్ (ద్రవం పై అంచు) 6.0 సెం.మీ. దగ్గర, సెల్ (నమూనా ఉండే గది) అడుగు 7.2 సెం.మీ. దగ్గర ఉండి, నిమిషానికి 40,000 చుట్లు తిప్పితే ఎల్‌డీఎల్ బౌండరీ అడుగు నుంచి మెనిస్కస్ చేరడానికి 5 గంటల 20 నిమిషాలు పడుతుంది. ఆల్బుమిన్ పైనుంచి అడుగుకు చేరడానికి 9 గంటల 20 నిమిషాలు. 3 గంటల 25 నిమిషాలకు 6.41 సెం.మీ. దగ్గర రెండూ ఒకదాన్నొకటి దాటుతాయి. ఈ మూడు సమయాలు రాసి పెట్టుకోండి. తర్వాత స్కాన్లు చూసేటప్పుడు ఏం వెతకాలో ముందే తెలిసి ఉంటుంది.

రెండో మెట్టు: సాంద్రత దేనితో పెంచాలి?

పాత పద్ధతిలో ఉప్పో, పొటాషియం బ్రోమైడో వాడేవారు. విశ్లేషణ కోసమైతే నేను వాటిని వద్దంటాను. కారణం, తిరిగే సెల్‌లో ఉప్పు కూడా ఊరుకోదు, నెమ్మదిగా అడుగుకు జరుగుతుంది. 1.063 సాంద్రత ఉన్న ఉప్పు ద్రావణాన్ని 40,000 చుట్ల దగ్గర కొన్ని గంటలు తిప్పితే మెనిస్కస్‌కూ అడుగుకూ మధ్య దాదాపు 0.007 సాంద్రత తేడా ఏర్పడుతుందని లెక్క చెబుతుంది. ఆల్బుమిన్‌కు అది రెండు మూడు శాతం మాత్రమే. ఎల్‌డీఎల్‌కు అలా కాదు, దాని బ్రాకెట్ విలువే 0.031. 0.007 మారితే వేగంలో 20 శాతం పైన తేడా వస్తుంది. ఎస్ స్థిరంగా ఉంటుందనే మామూలు మోడల్ అక్కడే చెడుతుంది.

భారజలం (హైడ్రోజన్ బదులు డ్యూటీరియం ఉన్న నీరు) అయితే ఈ బాధ చాలా తక్కువ. మన మణుగూరు దగ్గరి ప్లాంటులో తయారయ్యే పదార్థమే అది, 20 డిగ్రీల దగ్గర దాని సాంద్రత 1.105. బఫర్‌లో సుమారు 55 శాతం భారజలం ఉంటే 1.063 వస్తుంది, 90 శాతం ఉంటే 1.10. ఒక్కటే జాగ్రత్త: ప్రోటీన్లలో మారగలిగిన హైడ్రోజన్ల స్థానంలో డ్యూటీరియం చేరుతుంది. పూర్తి భారజలంలో ప్రోటీన్ బరువు ఒకటిన్నర శాతం దాకా పెరుగుతుంది, ఆ మేరకు వి-బార్ తగ్గుతుంది. ఆల్బుమిన్‌కు ఆ సవరణ చేయాలి. ఎల్‌డీఎల్‌లో ప్రోటీన్ భాగం తక్కువ కాబట్టి ప్రభావం అంతగా ఉండదు.

బఫర్ సాంద్రతను, స్నిగ్ధతను పట్టికల నుంచి ఎత్తి రాయకండి. డెన్సిటీ మీటర్‌తో, విస్కోమీటర్‌తో కొలవండి. మామూలు ప్రోటీన్ పనిలో మూడో దశాంశం తప్పయినా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాత్రం ఫలితం మొత్తం దాని మీదే నిలుస్తుంది.

మూడో మెట్టు: సెల్ నింపడం, స్కాన్లు తీయడం

మునిగే కణాల ప్రయాణం మెనిస్కస్ దగ్గర మొదలవుతుంది. తేలే కణాలది అడుగు దగ్గర మొదలవుతుంది. మామూలు ప్రయోగంలో అడుగు ఎక్కడుందో ఉజ్జాయింపుగా తెలిస్తే సరిపోతుంది, ఇక్కడ కచ్చితంగా తెలియాలి. వేగం పెరిగేకొద్దీ టైటానియం రోటర్ సాగుతుంది. ఎక్కువ వేగాల దగ్గర ఆ సాగుడు మిల్లీమీటరులో పదో వంతు స్థాయికి చేరుతుంది. మీ రోటర్‌కు స్ట్రెచ్ కాలిబ్రేషన్ ఫైలు ఉందో లేదో చూసుకోండి. అడుగు స్పష్టంగా కనిపించడానికి కొందరు చుక్కంత ఫ్లోరోకార్బన్ నూనె వేస్తారు. ఎఫ్‌సీ-43 లాంటివి నీటికంటే చాలా బరువు కాబట్టి అడుగున చేరి, పైన మెనిస్కస్ లాగే కింద కూడా ఒక గీత చూపిస్తాయి. మీ నమూనా ఆ నూనె తగిలితే చెడిపోదని తేలిన తర్వాతే వాడండి.

నమూనా మరీ చిక్కగా ఉండొద్దు. గాఢత పెరిగితే ఒకదాని బౌండరీ ఇంకోదాని వేగాన్ని మారుస్తుంది, మళ్లీ ‘ఎక్స్ ప్రోటీన్’ కథే. 12 మి.మీ. సెల్‌లో మొత్తం శోషణ 0.5 నుంచి 0.8 మధ్య ఉంటే హాయిగా ఉంటుంది.

ముందు 3,000 చుట్ల దగ్గర ఒక స్కాన్ తీయండి. పెద్ద గడ్డలు ఉంటే అప్పటికే కదలడం మొదలుపెడతాయి. మొత్తం ఎంత పదార్థం వేశారో చెప్పే ఆధారం కూడా అదే. తర్వాత 40,000కు తీసుకెళ్లి, ఆల్బుమిన్ పూర్తిగా దిగేదాకా, అంటే కనీసం 10 గంటలు ఆపకుండా స్కాన్లు తీయండి. ఎల్‌డీఎల్ తేలిపోయింది కదా అని మధ్యలో ఆపేయకండి. ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను.

వీలుంటే రెండు తరంగదైర్ఘ్యాల్లో తీయండి: 280 నానోమీటర్లు, 460 నానోమీటర్లు. ఎల్‌డీఎల్‌లో కెరోటినాయిడ్లు ఉంటాయి, అందుకే చిక్కటి ఎల్‌డీఎల్ పసుపు నారింజ రంగులో కనిపిస్తుంది. 460 దగ్గర ఆల్బుమిన్ దాదాపు కనిపించదు. ఇంతకన్నా చవకైన సాక్ష్యం దొరకదు. ఆ దగ్గర సిగ్నల్ బలహీనంగా ఉంటుంది, అంతే.

నాలుగో మెట్టు: ఫిట్ చేసే ముందు కళ్లతో చూడటం

ఈ మెట్టును దాటేసి నేరుగా సాఫ్ట్‌వేర్ బటన్ నొక్కేవాళ్లే ఎక్కువ. ఒక అరగంట ఇక్కడ కూర్చుంటే తర్వాత రెండు రోజుల టెన్షన్ తప్పుతుంది.

మొదటి గంటలో తీసిన ఒక స్కాన్ తెరవండి. ఎడమవైపు మెనిస్కస్ దగ్గర ఒక మెట్టు కనిపిస్తుంది, సిగ్నల్ తక్కువ నుంచి ఎక్కువకు ఎక్కుతుంది. అది దిగుతున్న ఆల్బుమిన్. మధ్యలో ప్లేటో, అంటే సిగ్నల్ చదునుగా ఉండే భాగం ఉంటుంది, అక్కడ రెండూ ఉన్నాయి. కుడివైపు అడుగుకు దగ్గరగా సిగ్నల్ మళ్లీ ఒక మెట్టు దిగుతుంది. అది పైకి పోతున్న ఎల్‌డీఎల్ ఖాళీ చేసిన చోటు. అంటే స్కాన్ ఆకారం బల్లలా ఉంటుంది, రెండు వైపులా దిగుడు. ఆ చివరన, అడుగుకు ఆనుకుని, ఆల్బుమిన్ పేరుకుపోయి సిగ్నల్ నిటారుగా లేస్తుంది. మెనిస్కస్‌కు ఆనుకుని ఎల్‌డీఎల్ పోగుపడి అలాంటిదే ఇంకో కొమ్ము లేస్తుంది.

ఇప్పుడు 5 గంటల దగ్గరి స్కాన్ చూడండి. ఎల్‌డీఎల్ బౌండరీ 6.07 సెం.మీ.కు, ఆల్బుమిన్ బౌండరీ 6.61 సెం.మీ.కు చేరి ఉంటాయి. ఆ రెండింటి మధ్య అర సెంటీమీటరు మేర ఏమీ లేదు, సిగ్నల్ బేస్‌లైన్‌కు పడిపోతుంది. ఇందాక బల్లలా ఉన్నది ఇప్పుడు లోయలా మారింది. మీ స్కాన్లలో బల్ల లోయగా మారడం కనిపిస్తే నమూనాలో రెండు దిశల ప్రయాణం ఉన్నట్టే. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

ప్లేటో ఎత్తు కూడా గమనించండి. సెల్ కేకు ముక్కలా ఉంటుంది, అడుగువైపు వెడల్పు. మునిగే కణాలు వెడల్పు చోటికి వెళ్తాయి కాబట్టి ప్లేటోలో వాటి గాఢత క్రమంగా తగ్గుతుంది, తేలేవి ఇరుకు చోటికి వస్తాయి కాబట్టి పెరుగుతుంది. మన ఉదాహరణలో రెండు బౌండరీలు దాటే సమయానికి ఆల్బుమిన్ వాటా 12 శాతం తగ్గుతుంది, ఎల్‌డీఎల్ వాటా 26 శాతం పెరుగుతుంది. కలిపి చూస్తే ప్లేటో పెద్దగా మారనట్టే కనిపించవచ్చు. ‘ప్లేటో స్థిరంగా ఉంది, అంతా బాగుంది’ అనుకుంటే పొరపాటు.

ఐదో మెట్టు: డేటా ఎడిట్ చేయడం

మెనిస్కస్‌ను ఎప్పటిలాగే గుర్తించండి. పరిధి ఎంచుకునేటప్పుడు అలవాటు మార్చుకోవాలి. మామూలుగా అడుగు దగ్గర ధారాళంగా కత్తిరించేస్తాం. ఇక్కడ అలా చేస్తే ఎల్‌డీఎల్ బయల్దేరిన తొలి స్కాన్లు పోతాయి. అడుగున ఆల్బుమిన్ కొమ్ము మొదలయ్యే చోటుకు వీలైనంత దగ్గరగా పరిధి ఉంచండి. మెనిస్కస్ వైపు తేలినవాటి కొమ్ము వస్తుంది కాబట్టి అక్కడ కాస్త ఎక్కువ వదలాలి. ఏ చోటైనా సిగ్నల్ డిటెక్టర్ నమ్మకమైన పరిధి దాటితే ఆ భాగం పనికిరాదు.

వాన్ హోల్డ్–వైషెట్ లాంటి పద్ధతులు బేస్‌లైన్ నుంచి ప్లేటో దాకా ఒకే దిశలో ఎక్కే బౌండరీని అడుగుతాయి. మిశ్రమం మొత్తానికి అవి కుదరవు. 460 నానోమీటర్ల డేటాలో ఎల్‌డీఎల్ ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి అక్కడ విడిగా ప్రయత్నించవచ్చు. మిశ్రమానికి మాత్రం, కణాలు జరగడాన్నీ పరుచుకోవడాన్నీ కలిపి వర్ణించే లామ్ సమీకరణంతో మొత్తం స్కాన్లను ఒకేసారి ఫిట్ చేయడమే దారి. ఓలే లామ్ 1929లో రాసిన ఆ సమీకరణానికి ఎస్ గుర్తు ధనమా రుణమా అన్న పట్టింపు లేదు. పట్టింపంతా మనం సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే హద్దుల్లో ఉంటుంది.

ఆరో మెట్టు: గ్రిడ్, నాయిస్, రెండు చివరలు

అసలు పని ఇక్కడే ఉంది. గ్రిడ్ అంటే ఫిట్ వెతకడానికి మనం సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే విలువల పట్టిక.

చాలా ప్రోగ్రాములు ఎస్ విలువల వరుసను, దానితో పాటు ఫ్రిక్షనల్ రేషియోను (కణం ఆకారం గోళానికి ఎంత దూరమో చెప్పే నిష్పత్తి) తీసుకుని, నమూనా మొత్తానికి ఒకే వి-బార్ అనుకుని, డిఫ్యూజన్ గుణకం డి లెక్కిస్తాయి. సెడ్‌ఫిట్‌లోని మామూలు సి-ఆఫ్-ఎస్ విశ్లేషణలో కూడా ఒకే వి-బార్ ఇస్తాం. వి-బార్ 0.735 అని ఇచ్చి రుణ ఎస్ అడిగితే అణుభారం రుణం అవుతుంది, డి లెక్క కుదరదు. 0.97 ఇస్తే ధన ఎస్‌లకు అదే గతి. మధ్యేమార్గంగా 0.85 పెడదామని కొందరు చూస్తారు. అప్పుడూ బ్రాకెట్ ధనమే కాబట్టి రుణ ఎస్‌లకు లెక్క కుదరదు, పైగా ఆల్బుమిన్ లెక్క కూడా తప్పుతుంది.

రుణ ఎస్‌ను గ్రిడ్‌లో ఇవ్వకుండా వదిలేస్తే ఇంకా ప్రమాదం. తేలే బౌండరీ డేటాలో ఉంది, మోడల్‌లో లేదు. ఫిట్ దాన్ని నాయిస్‌లోకో, బేస్‌లైన్‌లోకో, లేని ఇంకో మునిగే కణంలోకో తోసేస్తుంది. ఎల్‌డీఎల్ కొద్దిగానే ఉంటే సగటు లోపం కూడా అంత ఘోరంగా కనిపించదు.

చేయాల్సినవి రెండు. మొదటిది, గ్రిడ్‌ను నేరుగా ఎస్, డి అక్షాల మీద కట్టడం. ఈ రెండూ డేటాలో నిజంగా కనిపించేవి: ఎస్ అంటే బౌండరీ ఎంత వేగంగా జరిగింది, డి అంటే ఎంత పరుచుకుంది. వి-బార్ అవసరమే రాదు. రెండోది, అల్ట్రాస్కాన్ కస్టమ్ గ్రిడ్‌లో రెండు ముక్కలు పెట్టడం: −15 నుంచి −0.5 దాకా ఎస్‌కు 0.97 వి-బార్‌తో ఒక ముక్క, +0.5 నుంచి +8 దాకా 0.735తో ఇంకో ముక్క. ఫ్రిక్షనల్ రేషియోకు ఎల్‌డీఎల్ వైపు 1 నుంచి 1.6, ఆల్బుమిన్ వైపు 1 నుంచి 2.5 సరిపోతాయి. నాకైతే మొదటి దారే ఇష్టం. తెలియని నమూనా అయితే అది తప్ప వేరే దారి లేదు.

సున్నాకు ఇరువైపులా కొంత జాగా వదిలేశాం, గమనించారా? ఎస్ సున్నాకు దగ్గరగా ఉన్న కణం కదలదు. కదలనిదీ, సెల్ అద్దం మీది మచ్చా డేటాలో ఒకేలా ఉంటాయి. గ్రిడ్‌లో సున్నా ఉంచితే ఫిట్ ఎక్కడ లేని పదార్థాన్నీ తెచ్చి అక్కడ పోస్తుంది. దీనికి ఒక మూల్యం ఉంది. ఎల్‌డీఎల్ సాంద్రతల పరిధి 1.019 నుంచి 1.063 దాకా. మన ద్రవం సరిగ్గా 1.063. అంటే ఎల్‌డీఎల్‌లో చిన్నవీ చిక్కనివీ ఈ ద్రవంలో దాదాపు నిలబడిపోతాయి, మనం వదిలేసిన జాగాలో పడతాయి. అవి కావాలంటే 90 శాతం భారజలంలో, 1.10 సాంద్రత దగ్గర మరో రన్ చేయాలి. అక్కడ సగటు ఎల్‌డీఎల్ −10.8 దగ్గరికి వెళ్తుంది, నెమ్మది కణాలు కూడా సున్నా నుంచి దూరంగా జరుగుతాయి. ఆల్బుమిన్ 2.5 దగ్గర దిగుతూనే ఉంటుంది.

ఇక నాయిస్. టైమ్ ఇన్వేరియంట్ నాయిస్ అంటే ప్రతి స్కాన్‌లో అదే రేడియస్ దగ్గర ఉండే మరక. ముందు దాన్ని మాత్రమే ఫిట్ చేయండి. రేడియల్ ఇన్వేరియంట్ నాయిస్‌ను, అంటే ఒక స్కాన్ మొత్తం ఒకే మేర పైకో కిందికో జరగడాన్ని, తర్వాతి రౌండ్‌లో కలపండి. స్కాన్లు త్వరగా ఆపేస్తే నెమ్మదిగా పోయే కణానికీ ఈ మరకకూ తేడా తెలియదు. 10 గంటలు నడపమన్నది ఇందుకే. ఎల్‌డీఎల్, ఆల్బుమిన్ రెండూ దాటిపోయాక మధ్యలో ఏర్పడే లోయ ఖాళీ సెల్ లాంటిది, బేస్‌లైన్‌ను అది సూటిగా చూపిస్తుంది. 

నాయిస్ తీసేశాక మెనిస్కస్‌నూ అడుగునూ ఫిట్ చేయాలి. అల్ట్రాస్కాన్ కొత్త వెర్షన్లలోనూ సెడ్‌ఫిట్‌లోనూ రెండింటికీ వీలుంది. ఆల్బుమిన్ ఎస్ మెనిస్కస్‌తో ముడిపడి ఉంటుంది, ఎల్‌డీఎల్ ఎస్ అడుగుతో. అడుగు స్థానంలో 0.01 సెం.మీ. తప్పు జరిగితే తొలి గంట స్కాన్లలో ఎల్‌డీఎల్ బౌండరీ ప్రయాణంలో నాలుగైదు శాతం తేడా చూపిస్తుంది. రెండింటినీ ఒకేసారి వదిలేయకుండా ముందు మెనిస్కస్, తర్వాత అడుగు, మళ్లీ ఒకసారి మెనిస్కస్ అన్న వరుసలో వెళ్లండి. ఫిట్ అయిన అడుగు రోటర్ స్ట్రెచ్ లెక్కకు చాలా దూరంగా వస్తే ఏదో తేడా ఉందని అర్థం. సెంటర్‌పీస్ అరిగిందో, కాలిబ్రేషన్ పాతదో చూడండి.

ఏడో మెట్టు: ఫిట్‌ను నమ్మాలా వద్దా

శోషణ డేటాలో సగటు లోపం 0.005 కంటే తక్కువకు వస్తే సాధారణంగా బాగున్నట్టు. ఆ అంకె ఒక్కదానితో తృప్తిపడకండి, రెసిడ్యువల్స్ (డేటాకూ ఫిట్‌కూ మధ్య మిగిలిన తేడాలు) బొమ్మ తెరవండి. ఏ ఆకారమూ లేని ఇసుకలా ఉండాలి. ఏటవాలు చారలు కనిపిస్తే అవి ఎటు వాలాయో చూడండి: ఒక వాలు మోడల్‌లో లేని మునిగే కణానిది, ఎదురు వాలు తేలే కణానిది. అడుగు వైపు మొదటి పది స్కాన్లలో మాత్రమే చార ఉంటే అడుగు స్థానం తప్పు. రెండు బౌండరీలు దాటుకునే చోట మాత్రమే తేడా ఉంటే రెండు కణాలు ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తున్నాయేమో అనుమానించాలి. నమూనాను సగానికి పలుచన చేసి మళ్లీ నడపండి. ఎస్ విలువలూ నిష్పత్తులూ మారకపోతే భయం లేదు.

మాంటే కార్లో (యాదృచ్ఛిక నాయిస్ కలిపి ఫిట్‌ను పదేపదే చేసే పద్ధతి) నడిపి ప్రతి విలువకూ విశ్వాస పరిధి తీసుకోండి. దానికంటే ముందు నేను గట్టిగా చెప్పేది ఇంకోటుంది. అదే ఎస్, డి విలువలతో, అదే స్థాయి నాయిస్‌తో కృత్రిమ డేటా తయారుచేసి, అదే గ్రిడ్‌తో విశ్లేషించండి. వేసిన రెండు కణాలూ తిరిగి బయటకు రాకపోతే గ్రిడ్‌లోనే లోపం ఉంది. దీనికి ఒక పూట చాలు, ఒక్క మైక్రోలీటరు నమూనా కూడా ఖర్చవదు.

ఎల్‌డీఎల్ వైపు ఫలితం ఒక్క చుక్కగా కాక వరుస చుక్కలుగా వస్తే కంగారు పడొద్దు. నిజంగానే ఎల్‌డీఎల్ అంతా ఒకే సైజు కాదు. డిఫ్యూజన్ వల్ల బౌండరీ వెడల్పు సమయపు వర్గమూలంతో పెరుగుతుంది, కణాల వైవిధ్యం వల్ల వచ్చే వెడల్పు సమయంతో నేరుగా పెరుగుతుంది. ఎక్కువ సేపు నడిచిన డేటా ఉంటేనే సాఫ్ట్‌వేర్ ఈ రెండింటినీ విడదీయగలదు. విడదీయలేకపోతే వెడల్పంతా డిఫ్యూజన్ ఖాతాలో వేస్తుంది, కణం అసలుకంటే చిన్నదని చెబుతుంది.

ఎనిమిదో మెట్టు: అణుభారం ఆఖరున

ఇప్పటిదాకా వచ్చినవి ఎస్, డి, సిగ్నల్ వాటా. అణుభారం కావాలంటే వి-బార్ కావాలి, ఎల్‌డీఎల్ లాంటి వాటికి పుస్తకంలోని విలువ తెచ్చి పెట్టడం జూదమే. 1.063 ద్రవంలో వి-బార్ 0.97 బదులు 0.96 అని పెడితే బ్రాకెట్ −0.031 నుంచి −0.0205కు మారుతుంది, అణుభారం ఒకటిన్నర రెట్లవుతుంది. ఒక్క శాతం తప్పుకు యాభై శాతం శిక్ష. అదే ఒక్క శాతం తప్పు ఆల్బుమిన్‌లో చేస్తే మూడున్నర శాతం తేడా వస్తుంది.

అందుకని వి-బార్‌ను కూడా ఇదే మెషీన్‌తో కొలవండి. మూడు నాలుగు సాంద్రతల్లో రన్ చేసి, ప్రతి దాంట్లో వచ్చిన ఎస్‌ను ఆ ద్రవ స్నిగ్ధతతో గుణించి, సాంద్రతకు ఎదురుగా గ్రాఫ్ గీయండి. మన ఉదాహరణ విలువలతో అయితే 1.005 దగ్గర +5.0, 1.063 దగ్గర −6.2, 1.10 దగ్గర −13.4 వస్తాయి. ఈ మూడూ ఒకే సరళరేఖ మీద పడతాయి, ఆ రేఖ సున్నాను 1.031 దగ్గర దాటుతుంది. దాని విలోమం 0.97, అదే వి-బార్. రేఖ సున్నాను దాటి రెండు వైపులా పాయింట్లు ఉండటం ఇక్కడి బలం. మునిగే వైపు పాయింట్లు మాత్రమే ఉంటే సున్నా ఎక్కడుందో రేఖను పొడిగించి ఊహించాలి, ఇక్కడ కొలిచిన చుక్కల మధ్యే దొరుకుతుంది. 1.005 దగ్గర ఎల్‌డీఎల్, ఆల్బుమిన్ కలిసిపోతాయని మొదట్లోనే చూశాం కాబట్టి ఆ పాయింటు కోసం ఎల్‌డీఎల్‌ను ఒంటరిగా నడపండి.

ఆ వి-బార్‌తో స్వెడ్‌బర్గ్ సమీకరణంలోకి వెళ్లి ఎస్‌ను, డిని పెట్టి అణుభారం తీయండి. డి ఒక్కదాని నుంచే వ్యాసం కూడా వస్తుంది: 1.063 ద్రవంలో డి విలువ సెకనుకు 1.7 × 10⁻⁷ చదరపు సెంటీమీటర్ల దగ్గర ఉంటే వ్యాసం 22 నానోమీటర్లు. రెండు లెక్కలూ ఒకే కణాన్ని చూపిస్తున్నాయో లేదో సరిచూసుకోండి.

వాటాల విషయంలో ఒక మాట. 280 దగ్గర ఎల్‌డీఎల్ సిగ్నల్‌లో కొంత శోషణ కాదు, కాంతి చెదరడం. కాబట్టి ‘ఎల్‌డీఎల్ 40 శాతం’ అని రాయకండి, ‘280 నానోమీటర్ల సిగ్నల్‌లో 40 శాతం’ అని రాయండి. మిల్లీగ్రాముల్లో కావాలంటే ఇంటర్‌ఫియరెన్స్ ఆప్టిక్స్ (శోషణకు బదులు వక్రీభవన తేడాను చూసే పద్ధతి) మేలు. కాకపోతే అప్పుడు రిఫరెన్స్ బఫర్‌లోనూ నమూనాలోనూ భారజలం సరిగ్గా ఒకటే పాళ్లలో ఉండాలి. దానికి నమూనాను రిఫరెన్స్ బఫర్‌తోనే డయాలసిస్ చేయాలి.

రిపోర్టులో ఏం రాయాలి

మామూలు ప్రోటీన్లకు ఎస్‌ను 20 డిగ్రీల నీటికి సవరించి రాస్తాం. ఎల్‌డీఎల్‌కు ఆ సవరణ చేస్తే తేలిన కణం మునిగినట్టు గుర్తు మారిపోతుంది, చదివేవాళ్లు తికమకపడతారు. అందుకే కొలిచిన ఎస్‌ను గుర్తుతో సహా, ఆ ద్రవ సాంద్రత, స్నిగ్ధత, ఉష్ణోగ్రత పక్కన పెట్టి రాయండి. లిపోప్రోటీన్లకు గాఫ్‌మన్ బృందం కాలం నుంచి వాడుకలో ఉన్న ఫ్లోటేషన్ రేటు వేరు, 1.063 సాంద్రత ఉప్పు ద్రావణంలో 26 డిగ్రీల దగ్గర తేలే వేగాన్ని అది ధన అంకెగా చెబుతుంది. ఆ కొలతలో ఎల్‌డీఎల్ 0 నుంచి 12 మధ్య, వీఎల్‌డీఎల్ 20 నుంచి 400 మధ్య ఉంటాయి. మీ −5.4ను దానితో పోల్చాలంటే గుర్తు తీసేస్తే చాలదు, ఉష్ణోగ్రత వల్ల మారే స్నిగ్ధతను, సాంద్రతను కూడా సరిచేయాలి. ఫిట్ చేసిన మెనిస్కస్, అడుగు స్థానాలు, వాడిన గ్రిడ్ హద్దులు, సున్నా చుట్టూ వదిలిన జాగా ఎంతో తప్పకుండా రాయండి. ఆ ఖాళీలో ఏ కణాలు దాక్కుని ఉండొచ్చో చదివేవాళ్లు అప్పుడే లెక్కేసుకోగలరు.